పన్నెండు వోల్టుల కాలువ వెంట

సౌదీలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. రియాద్ పక్కన వాదీ హనీఫా ఉంది. దాదాపు 120 కిలోమీటర్లు సాగి, సముద్రం మొహం చూడకుండానే ఇసుకలో ఇంకిపోతుంది. పెద్దపల్లి పక్క ఊరివాణ్ని, కాలువ లేకపోతే నాకు తోచదు. ఉలయా కంప్యూటర్ మార్కెట్ దగ్గర రిపేరు షాపులో పన్నెండేళ్లుగా నేను చూసే పారకమంతా బోర్డుల మీదే.

ఈసారి బల్ల మీదికొచ్చింది పాత ఎక్స్‌బాక్స్ 360, 2005లో మొదలైన తరం. దీని మూలం గోడ సాకెట్. ఈ దేశంలో ఆ మూలాలే రెండు: పాత ఇళ్లలో 127 వోల్టులూ ఉంటాయి, 220 వోల్టులూ ఉంటాయి. 230కి మారాలని 2010లో నిర్ణయించారు గానీ, పాత గోడలు అంత త్వరగా మారతాయా? అమెరికా నుంచి తెచ్చిన అడాప్టరును 220లో గుచ్చి కాల్చుకొచ్చినవాళ్లను లెక్కపెట్టడం మానేశాను.

203 వాట్ల ఇటుకలాంటి ఆ అడాప్టరులోంచి రెండు పాయలు దిగుతాయి. పెద్దది 12 వోల్టులు, 16.5 ఆంపియర్లు. చిన్నది 5 వోల్టులు, ఒక్క ఆంపియరు. చిన్నపాయ ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. బటన్ నొక్కగానే బోర్డు అడాప్టరుకు కబురంపుతుంది, అప్పుడు పెద్ద తూము లేస్తుంది. నారింజ దీపం పచ్చబడేది అందుకే.

అక్కడి నుంచి అసలు చిక్కు, పేర్లు. మా కాకతీయ కాలువ 284 కిలోమీటర్లు. దాని పాయలకు డి-83, డి-86 అని నంబర్లు. చిన్నప్పుడు నాన్న సైకిలు కడ్డీ మీద కూర్చుని తూము రాళ్ల మీది అంకెలు చదివేవాణ్ని. ఏ నంబరు రాయి దాటితే ఎవరి పొలమో ఆయనకు నోటికొచ్చు. బోర్డు మీద ఆ రాళ్లు లేవు. చాలాచోట్ల లైనుకు పేరే రాసి ఉండదు. బోర్డు సర్క్యూట్ డ్రాయింగులో మాత్రం వి_12పి0, వి_3పి3, వి_1పి8 అని ఉంటాయి. పి అంటే పవర్ అనుకుని చాలాకాలం తిరిగాను. "పాయింట్ రా తమ్ముడూ. చుక్క పెడితే అచ్చులో మాయమవుతుందని పి పెట్టిన్రు" అన్నాడు షాపులోని హైదరాబాదీ భాయ్. ఒక్క మాటతో సగం బోర్డు తెరుచుకుంది. వి_3పి3 అంటే 3.3 వోల్టులు. చివర ఎస్‌టీబీవై ఉంటే నిద్రలో కూడా పారే పాయ.

వి_సీపీయూకోర్ దగ్గర మాత్రం పేరు తెలిసినా ఒకసారి బోల్తాపడ్డాను. 12 వోల్టులను సెకనుకు లక్షల సార్లు తెంచి కలుపుతూ, కాయిళ్లతో కెపాసిటర్లతో నునుపు చేసి, ఒక వోల్టు చిల్లరకు దించే చోటది. కాయిల్ మీద ఒక మొన, గ్రౌండు మీద ఒక మొన పెడితే మీటరు బీప్‌మంది. షార్ట్ అనుకుని కెపాసిటర్లు ఒక్కొక్కటే పీకాను, పదకొండు. ప్రాసెసర్ లైను బాగున్నప్పుడూ కొన్ని ఓములే చూపిస్తుందని ఆ తర్వాత తెలిసింది. పీకినవన్నీ మళ్లీ పెట్టేసరికి రెండు రాత్రులు.

ఈ డ్రాయింగులు తయారీదార్లు ఎందుకివ్వరు? కాలువ మ్యాపు దాచుకుని, నీళ్లు రాలేదంటే కొత్త పొలం కొనుక్కోమన్నట్టుంది. కాలిఫోర్నియా 2023లో రిపేరు హక్కు చట్టం చేసింది. ఫోన్లు చేర్చారు, ల్యాప్‌టాప్‌లు చేర్చారు, గేమ్ కన్సోళ్లను మాత్రం పేరుపెట్టి మినహాయించారు. అదే ఏడాది మిన్నెసోటా చట్టంలోనూ అంతే. ఆటబొమ్మేం పాపం చేసింది?

నేటి బోర్డులో ప్రాసెసర్ లైను బాగానే ఉంది. గ్రాఫిక్స్ కాయిల్ దగ్గర మాత్రం సున్నా వోల్టులు. కంట్రోలర్ ఐసీకి 12 వోల్టులు అందుతున్నాయి, తూము లేవడం లేదు. పైనుంచి అనుమతి రావడం లేదా, ఐసీయే పోయిందా? వెతుకుతుండగానే దాన్ని తెచ్చిన కుర్రాడు వచ్చాడు. 150 రియాళ్లన్నాను. పాతదానికి అంతెందుకని తల అడ్డంగా ఊపి, సంచీలో వేసుకుని వెళ్లిపోయాడు. కాయిళ్ల పక్కన తెల్ల మార్కరుతో నేను రాసిన మూడు పేర్లు తుడవనేలేదు.