అమ్మమ్మ పుస్తకం



ఈ భాగంలో మీరు పది పద్యాలు చదవబోతున్నారు. వాటిని ఎంపిక చేసే పని నాకు అప్పగించారు. ఒక పద్యాన్ని పుస్తకంలో చేర్చడం, మరొక పద్యాన్ని వదిలేయడం చాలా చిన్న పనిగా కనిపిస్తుంది. నిజానికి అది అంత చిన్న పని కాదు. ఆ సంగతి నాకు ఎలా తెలిసివచ్చిందో మీకు చెప్పాలనిపించింది. పద్యాలు చదవడానికి ముందు ఈ నాలుగు మాటలు చదవండి.

నేను ఢిల్లీలో ముఖర్జీ నగర్‌లో ఉంటాను. జి.టి.బి. నగర్ మెట్రో స్టేషన్‌లో దిగి ఇటు వస్తే వీధి పొడవునా కోచింగ్ సెంటర్ల బోర్డులు, జిరాక్స్ దుకాణాలు, నోట్సులు అమ్మే కొట్లు కనిపిస్తాయి. సివిల్ సర్వీసు పరీక్షలకు చదివేవారు దేశం నలుమూలల నుంచి వచ్చి ఇక్కడి ఇరుకు గదుల్లో అద్దెకు ఉంటారు. వారిలో తెలుగు పిల్లలూ ఉన్నారు. మా పైవాటాలో నల్గొండ జిల్లా నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంటుంది. ఆమె తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛిక విషయంగా తీసుకుంది. ఆదివారం సాయంత్రాలు సందేహాలు అడగడానికి మా ఇంటికి వస్తుంది.

ఒక ఆదివారం ఆమె వచ్చేసరికి నా బల్లమీద ఈ భాగం చిత్తుప్రతి ఉంది. దానికి నేను 'యువతులకు నీతిపద్యాలు' అని పేరు పెట్టాను. సార్వత్రిక పాఠశాలలో చదివేవారిలో చిన్న వయసులో బడి మానేసి, పెళ్లయి పిల్లలు పుట్టిన తరువాత మళ్లీ పుస్తకం పట్టుకొన్న స్త్రీలు ఉంటారు. వారిని మనసులో పెట్టుకొనే ఆ ఎంపిక చేశాను. పదింటిలో ఆరు పద్యాలు కుమారీ శతకం నుంచి తీసుకొన్నవే.

ఎందుకంటే నాకు చదవడం వచ్చింది ఆ పుస్తకంతోనే. మా అమ్మమ్మకు పదమూడో ఏట పెళ్లయింది. కాపురానికి పంపేటప్పుడు సారెతో పాటు ఆమె తండ్రి ఒక చిన్న కుమారీ శతకం ప్రతిని పెట్టెలో వేశాడు. అత్తవారింటికి వచ్చేనాటికి ఆమెకు అక్షరాలు కూడబలుక్కోవడం మాత్రమే వచ్చు. ఆ పుస్తకం పట్టుకొనే చదవడం నేర్చుకొంది. తరువాత వేసవి సెలవుల్లో పిఠాపురం దగ్గర వారి ఊరికి వెళ్లినప్పుడు నాకూ దానితోనే నేర్పింది.

ఆమె నేర్పే పద్ధతి మీకు పనికివస్తుంది కనుక చెబుతాను. ముందు పద్యం నోటికి వచ్చేదాకా చెప్పించేది. కుమారీ శతకంలోవి కంద పద్యాలు. కందానికి నాలుగు పాదాలు ఉంటాయి. ప్రతి పాదంలోనూ రెండో అక్షరంలోని హల్లు ఒకటే. దీనినే ప్రాస అంటాం. ఈ ప్రాసవల్ల పద్యం త్వరగా నోటికి వస్తుంది. వచ్చిన తరువాత పుస్తకం తెరిచి, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టిస్తూ అదే పద్యం మళ్లీ చదివించేది. ఏ మాట వస్తుందో ముందే తెలుసు కాబట్టి అక్షరం దానంతట అదే పట్టుబడేది.

పైవాటా అమ్మాయి నా చిత్తుప్రతి అంతా చదివింది. కాసేపు ఊరుకొని, "మరి మా అన్నకైతే ఏం పద్యాలిస్తరు ఆంటీ?" అని అడిగింది.

ఆమె ఎగతాళికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నాకు వెంటనే జవాబు దొరకలేదు.

ఆమె వెళ్లాక కుమార శతకాన్నీ కుమారీ శతకాన్నీ పక్కపక్కన పెట్టుకొని చూశాను. కుమార శతకం పక్కి అప్పల నరసయ్య రచన. కుమారీ శతకం పక్కి వేంకట నరసింహ కవి రచన. రెండూ పిల్లలకు హితవు చెప్పేవే. నిజం పలకాలి, మృదువుగా మాట్లాడాలి, పెద్దలను గౌరవించాలి అన్న మాటలు రెండింటిలోనూ ఉన్నాయి. అయితే కుమారుడి చుట్టూ గురువులు, సజ్జనులు, దుర్జనులు, విశాలమైన లోకం ఉన్నాయి. కుమారి చుట్టూ భర్త, అత్తమామలు, బావమరుదులు, వంటిల్లు ఉన్నాయి. భర్త వద్దన్న పని చేయకూడదని ఆమెకు చెప్పారు. భార్య మాట వినవలసిన సందర్భం ఒకటి ఉంటుందని అతనికి చెప్పడం కవికి అవసరమనిపించలేదు.

యువతుల నడవడి కోసం పుస్తకం కూర్చడం మన తెలుగువారే చేసిన పని కాదు. చైనాలో సుమారు పందొమ్మిది వందల ఏళ్ల క్రితం బాన్ ఝావ్ అనే విదుషి 'స్త్రీలకు పాఠాలు' అనే అర్థం వచ్చే పేరుతో ఒక గ్రంథం రాసింది. అందులో వినయం, విధేయత గురించి చాలా చెప్పింది. ఆ గ్రంథంలోనే మగపిల్లలకు చదువు చెప్పి ఆడపిల్లలకు చెప్పకపోవడం సరికాదని కూడా వాదించింది. అణకువ నేర్పే పుస్తకమే అక్షరానికి తలుపు తీయడం అప్పటినుంచీ ఉంది.

మన దగ్గరా అదే జరిగింది. కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించారు. 1883లో స్త్రీల కోసం 'సతీహితబోధిని' అనే పత్రిక ప్రారంభించారు. చదువుకొన్న ఆడపిల్ల చెడిపోతుందని భయపడే కాలంలో, చదువు ఆమెను మరింత మంచి ఇల్లాలిని చేస్తుందని నచ్చజెప్పవలసి వచ్చింది. ఆ నీతిబోధ లేకపోతే చాలామంది తండ్రులు బడికి పంపేవారే కారు. ఈ విషయం మరిచిపోయి ఆ పుస్తకాలను ఒక్కమాటతో తీసిపారేయడం న్యాయం కాదు.

అయితే 'ఇది స్త్రీలు చదవదగినది' అని చెప్పే అధికారం చేతిలో ఉన్నవారు 'ఇది చదవదగనిది' అని కూడా చెబుతారు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఉన్న ముద్దుపళని 'రాధికా సాంత్వనము' అనే కావ్యం రాసింది. వీరేశలింగం పంతులు తమ కవుల చరిత్రలో ఆ కావ్యం స్త్రీలు వినదగినది కాదని ఆక్షేపించారు. బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పరిష్కరించగా 1910లో వావిళ్లవారు అచ్చువేశారు. అటువంటి వర్ణనలు పురుషులు రాస్తే లేని తప్పు స్త్రీ రాస్తే ఎలా వచ్చిందని ఆమె పీఠికలో నిలదీసింది. తరువాత ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉండగా 1947లో ఆ నిషేధం తొలగిపోయింది. ఒక స్త్రీ రాసిన కావ్యాన్ని మరొక స్త్రీ అచ్చువేయిస్తే, అది నలుగురి చేతికి రావడానికి అన్నేళ్లు పట్టింది.

ఇంకొక దారి తొక్కినవారూ ఉన్నారు. భండారు అచ్చమాంబ బడికి వెళ్లకుండా ఇంటి దగ్గరే చదువు నేర్చుకొంది. ఆమె 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ప్రకటించింది. అది పద్య సంకలనం కాదు, స్త్రీల జీవితచరిత్రల పుస్తకం. కానీ మన విషయానికి అది ముఖ్యం. ఎలా ఉండాలో చెప్పే బదులు, ఎవరెవరు ఏమేం చేశారో ఆమె చెప్పింది. చదివిన అమ్మాయి తనకు కావలసిన నీతిని తానే ఏరుకోవచ్చు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' వచ్చేసరికి స్త్రీలు తమ కవితలను తామే సంకలనంగా కూర్చుకొన్నారు. అందులోని కవితలు ఎవరికో ఇచ్చే ఉపదేశాలు కావు. వారి సొంత అనుభవాలు.

ఇవన్నీ నెమరు వేసుకొంటూ, ఒక పద్యపాఠం సరిచూడడానికి అమ్మమ్మ పుస్తకం తీశాను. అది ఇప్పుడు నా దగ్గరే ఉంది. అట్ట ఊడిపోయింది, కుట్టు వదులైంది. అన్నేళ్లుగా చూస్తున్నా గమనించని విషయం ఒకటి ఆ రోజు కంటబడింది. కొన్ని పుటలు వేలి ముద్రలతో నల్లబడి, అంచులు అరిగి ఉన్నాయి. నూనె మరకలు, పసుపు మరకలు కూడా ఉన్నాయి. కొన్ని పుటలు మాత్రం ఇంచుమించు కొత్తవాటిలా ఉన్నాయి. నల్లబడిన పుటల్లో ఉన్నవి నాకు కంఠతా వచ్చిన పద్యాలు. మంచి మాట, ఓర్పు, అసూయ పడకపోవడం, ఉన్నంతలో దానం. శుభ్రంగా ఉన్న పుటల్లో భర్తకూ అత్తకూ ఎలా లొంగి ఉండాలో చెప్పే పద్యాలు చాలా ఉన్నాయి. వాటిని అమ్మమ్మ నాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె కావాలని వదిలేసిందో, ఆ పుటలు తెరవడానికి మనసొప్పలేదో చెప్పడానికి ఆమె ఇప్పుడు లేదు. నాకు తెలిసింది ఒక్కటే. నేను కుమారీ శతకం అనుకొన్నది మొత్తం కుమారీ శతకం కాదు. అది అమ్మమ్మ నా కోసం కూర్చిన సంకలనం. నేనేమో ఆమెమీద ప్రేమతో, ఆమె వదిలేసిన పద్యాలలో మూడింటిని నా చిత్తుప్రతిలోకి ఎక్కించాను!

మర్నాడు ఎంపిక మళ్లీ మొదలుపెట్టాను. ప్రతి పద్యానికీ రెండు ప్రశ్నలు వేసుకొన్నాను. ఈ నీతిని ఆమె అన్నకు కూడా చెప్పగలనా? ఈ పద్యం చదివినవారికి ఆలోచించే చోటు ఉందా, లేక తలూపడమే మిగిలిందా? శీర్షికలోంచి 'యువతులకు' అన్న మాట తీసేశాను. కుమారీ శతకం నుంచి రెండు పద్యాలు, కుమార శతకం నుంచి రెండు పద్యాలు ఎదురెదురుగా ఉంచాను. నా కుమారీ పద్యాలలో ఒకటి అమ్మమ్మ చెప్పినది, ఒకటి చెప్పనిది. రెండోదాన్ని దాచిపెట్టదలచుకోలేదు. మన ముత్తవ్వలకు ఏం చెప్పారో తెలియకపోతే వారు ఎంత దూరం నడిచారో మనకు తెలియదు.

మొల్ల రామాయణం అవతారికను కూడా చేర్చాను. తాను శాస్త్రాలు చదువుకొన్నదాన్ని కానని చెప్పుకొంటూనే రామాయణం రాసిన కవయిత్రి ఆమె. ఇంటిపట్టున ఉండి చదువుకొంటున్న మీకు ఆమెను మించిన తోడు దొరకదు. ఒక స్త్రీల పాట కూడా ఉంది. ఊర్మిళాదేవి నిద్ర వంటి పాటలను మన ఆడవాళ్లు ఏ పుస్తకమూ లేకుండానే తరతరాలుగా దాచుకొన్నారు. 1955లో ఆంధ్ర సారస్వత పరిషత్తు ప్రచురించిన 'స్త్రీల రామాయణపు పాటలు' వంటి సంకలనాల ద్వారా అవి అచ్చులోకి వచ్చాయి. వాటిలో నీతి ఉంది, నిష్ఠూరమూ ఉంది, నవ్వూ ఉంది.

కొత్త ప్రతి పైవాటా అమ్మాయికి చూపించాను. "ఇది మా అన్నకు గూడ పంపిస్త ఆంటీ" అంది. నాకు అంతకంటే పెద్ద యోగ్యతాపత్రం అక్కరలేదు.

మీరు చేయవలసిన పని

మీ ఇంట్లో పెద్దవారిని అడిగి, వారికి చిన్నప్పుడు నోటికి వచ్చిన పద్యం గాని, పాట గాని ఒకటి రాసుకోండి. వారు మగపిల్లలకు ఏం చెప్పారు, ఆడపిల్లలకు ఏం చెప్పారు అని కూడా అడగండి. తరువాత ఈ భాగంలోని పది పద్యాలు చదవండి. మీ కూతురికీ కొడుకుకీ ఒకేలా చెప్పదగినవి ఏవో గుర్తు పెట్టండి. నా ఎంపికలో మీకు నచ్చనిది ఉంటే దాని పక్కన గీత గీసి, ఎందుకు నచ్చలేదో రెండు వాక్యాలు రాయండి. ఆ గీత గీసినప్పటి నుంచి మీరూ ఒక సంకలనకర్తే.