గడిలో చుక్క

ఫిబ్రవరి 3
పొద్దంతా మెగ్నీషియం స్టియరేట్‌తోనే సరిపోయింది. మాత్ర బరువులో ఒక శాతం కూడా ఉండని పొడి. ఇద్దరు సప్లయర్లు, మా ఈఆర్పీ సాఫ్ట్‌వేర్‌లో ఐటమ్ కోడ్ మాత్రం ఒకటే. ఒకరిది పామాయిల్ నుంచి. రెండోవారి లెటర్లో ‘వృక్ష లేదా జంతు మూలం’ అని ఉంది. ఆ ‘లేదా’ దగ్గరే ఆగిపోయాను. పరీక్షల్లో రెండూ పాసే. ఆ కొవ్వు చెట్టుదో, ఆవుదో, పందిదో మా ల్యాబ్ రిపోర్టు చెప్పదు. సప్లయర్ కాగితమే దిక్కు. రెండు కోడ్లు చేయమని రాశాను.

ఫిబ్రవరి 6
మార్కెటింగ్ ఆయన తొందరెందుకంటాడు. ఇండోనేషియా హలాల్ చట్టం 2014దే అయినా, ప్రిస్క్రిప్షన్ మందులకు గడువు 2034 దాకా ఉంది. చీటీ లేకుండా కొనే మందులకు 2029. నిజమే. కానీ క్యాప్సూల్ జెలటిన్, గ్లిజరిన్, పాలీసార్బేట్, ఆఖరికి లాక్టోజ్ కూడా (పాలు విరగ్గొట్టిన రెన్నెట్ ఎక్కడిదని అడుగుతారు), ఒక్కోదాని పుట్టుక తవ్వడానికే నెలలు పడుతున్నాయి.

ఫిబ్రవరి 11
మెటీరియల్ మాస్టర్‌లో ‘మూలం’ గడి ముందునుంచీ తప్పనిసరే. ఇప్పుడు హలాల్ సర్టిఫికెట్ గడువు దాటిన రోజే లాట్ బ్లాక్ అయ్యేలా పెట్టాం. తూకం గదిలో బార్‌కోడ్ కొడితే ఎర్ర తెర. టెస్టింగ్‌లో ఊరికే ఆ గడిలో ఒక చుక్క కొట్టి సేవ్ నొక్కాను. తీసుకుంది! పాత రికార్డులు తెరిచి చూస్తే మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టేశారు ఈ ఉపాయం. కొన్నిట్లో చుక్క, కొన్నిట్లో ‘ఎన్ఏ’. ఇక టైపింగ్ లేదు, లిస్టులోంచి ఎంచుకోవడమే.

ఫిబ్రవరి 17
క్లీనింగ్ లాగ్‌లో ‘సెర్తు’కు చోటుండాలన్నాడు కన్సల్టెంట్. మలేషియా పద్ధతి. పంది పదార్థం తగిలిన లైన్‌ను హలాల్‌కు మార్చాలంటే ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టి కలిపిన నీళ్లతో. మట్టి కనబడితే డీవియేషన్ రాసే మాకు మట్టినే క్లీనింగ్ ఏజెంట్‌గా పెట్టమంటే నవ్వొచ్చింది. స్టోర్స్ భాయ్‌నడిగాను. “మా హనఫీల్లో ఇంత గట్టిగా లేద్సార్. వాళ్లు షాఫీలు కదా” అన్నాడు. ఇరవై ఏళ్లుగా పక్కపక్కనే టిఫిన్ బాక్సులు విప్పుతున్నాం, ఈ తేడా ఇవాళే తెలిసింది.

ఫిబ్రవరి 20
రాత్రి పదకొండుకు ఫోన్. ఎర్ర తెర. సర్టిఫికెట్ గడువు నిన్నటితో అయిపోయింది. “సరుకు అదే కదా సార్, ఒక్క క్లిక్” అని ప్లానింగ్ అబ్బాయి. నా పాస్‌వర్డ్‌తో తీయొచ్చు, కారణం రాయాలంతే. పేరు, టైము, కారణం ఆడిట్ ట్రయల్లో ఉండిపోతాయి. ‘అర్జెంట్’ అని టైప్ చేసి చెరిపేశాను. కొత్త సర్టిఫికెట్ పర్చేజ్ వాళ్ల మెయిల్లోనే పడి ఉంది, ఎవరూ తెరవలేదు. ఎక్కించి, సరిచూసే రెండో మనిషి సంతకం పెట్టేసరికి ఒకటిన్నర.

ఫిబ్రవరి 22
స్టోర్స్‌లో పాత కోడ్ డ్రమ్ము ఒకటి, సగం ఖాళీ. మూలం: చుక్క. ఆ ఖాళీ అయిన సగం ఏ బ్యాచుల్లోకి వెళ్లిందని అడిగితే కంప్యూటర్ క్షణంలో పందొమ్మిది నంబర్లిచ్చింది. రెండు ఇండోనేషియావి. సోమవారం క్యూఏ హెడ్ గారికి చెప్పాలి. డ్రమ్ముకు ఎర్ర స్టిక్కర్ నేనే అంటించి వచ్చాను.