లువార్ తీరాన సైకిళ్లపై

ఫ్రాన్సులో అన్నిటికన్నా పొడవైన నది లువార్. దాని వెంబడి సముద్రం దాకా సుమారు 900 కిలోమీటర్ల సైకిల్ మార్గం ఉంది. అందులో బ్లువా నుండి ఆంబ్వాజ్ వరకు ఉన్న చిన్న భాగాన్ని మేము కుటుంబ సమేతంగా తొక్కాము.

కార్లు అరుదుగా తిరిగే పల్లెదారులనూ, వరదలను ఆపడానికి పూర్వులు కట్టిన కరకట్టలనూ కలుపుతూ ఈ మార్గం సాగుతుంది. ఒక పక్క ఇసుక తిన్నెల నడుమ పాయలుగా చీలిన నది, మరో పక్క ద్రాక్షతోటలు, తెల్లరాతి ఇళ్లు. చాలాసేపు మా చక్రాల సవ్వడి తప్ప మరేదీ వినిపించలేదు. పడమటి ఎదురుగాలికి పిల్లలు అలసినప్పుడల్లా చెట్ల నీడన ఆగాము. తొందరపెట్టేవారు ఎవరూ లేరు.

రెండో రోజు ఉదయం ఆంబ్వాజ్ రాజకోట ఎక్కాము. దాని ఉద్యానవనంలో 25 స్మారక శిలలు కనిపించాయి. ఫ్రెంచి సేనలతో పోరాడిన అల్జీరియా నాయకుడు అమీర్ అబ్దుల్ ఖాదిర్‌ను 1848 నుండి 1852 వరకు ఈ కోటలోనే పరివారంతో సహా నిర్బంధించారు. స్వదేశాన్ని మళ్లీ చూడకుండానే ఇక్కడ కన్నుమూసిన ఆయన సహచరుల జ్ఞాపకార్థం 2005లో ఈ శిలలను నిలిపారు. వారిలో పసిపిల్లలూ ఉన్నారని తెలిసి మా పిల్లలు మౌనంగా నిలబడిపోయారు. అందరం చేతులెత్తి వారి కోసం దుఆ చేశాము.

కోట గోడ దగ్గర నిలిచి చూస్తే, కింద అదే నది. మేము వచ్చిన దారి కరకట్టపై సన్నని గీతలా కనిపించింది. ఆ బందీలు నాలుగేళ్లపాటు చూసిన నీళ్లు ఇవే. వారికి లేని దారి మాకు తెరిచి ఉంది. అల్‌హమ్దులిల్లాహ్ అనుకుంటూ మళ్లీ సైకిళ్లెక్కాము.