పేరులోంచి జారిపోయిన ఉస్తాద్

మలయాళం 'ఉస్తాద్ హోటల్' 2018లో తెలుగులోకి 'జనతా హోటల్' అయి వచ్చింది. పేరు ఎందుకు మార్చారో గానీ, నా దిల్‌లో చిన్న ముల్లు గుచ్చుకుంది. ఉస్తాద్ తెలుగుకు పరాయి మాటేం కాదు. తెలుగువాళ్ల నోట్లో నలిగి ఎప్పుడో వస్తాదు అయిపోయింది. తాలీంఖానాలో కుస్తీ నేర్పేవాడు వస్తాదు. సితార్ వాయించేవాడు ఉస్తాద్. ఐదొందల మందికి బిర్యానీ దమ్ చేసేవాడు మాత్రం ఒట్టి బావర్చీ!

మా అబ్బా బావర్చీ. కర్నూలులో షాదీలకీ, వలీమాలకీ ఆయన దేగ్ ఎక్కని మొహల్లా లేదు. అయినా నన్ను ఉర్దూ మీడియం బడిలో చేర్చేటప్పుడు తండ్రి వృత్తి అన్నచోట 'తిజారత్' అని రాయించారు. వంటవాడి కొడుకని నన్ను ఎవరైనా ఏడిపిస్తారని ఆయన డర్.

ఈ సినిమా 2012లో విడుదలైంది. థియేటర్లో చూసే నసీబ్ మాకు లేదు. దుబాయ్‌లో ఉండే తమ్ముడు సెలవుకొస్తూ డీవీడీ తెచ్చాడు. కింద పడే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ నేను చదివి దక్కనీలో చెబుతుంటే అబ్బా, అమ్మీ వింటూ చూశారు. సులైమానీ చాయ్‌లో కాస్త మొహబ్బత్ కలవాలని కరీం తాత అన్నచోట మాత్రం నా తర్జుమా అక్కర్లేకపోయింది.

డీవీడీ అంటే ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు. దేగ్ కనిపించినప్పుడల్లా అబ్బా "జరా పీఛే లే బేటా" అనేవారు. "చావల్ ఇంత చిన్నగా ఉందేం?" అని అడిగారు. కోళికోడ్‌లో కైమా బియ్యం వాడతారనీ, గోష్త్ మసాలా ముందే వండి, అన్నంతో తహ్‌లు తహ్‌లుగా పరిచి దమ్ ఇస్తారనీ చెప్పాను. "అచ్ఛా! పచ్చి గోష్త్ మీద చావల్ వేసి, రెండూ ఒకేసారి ఉడికేలా చూడటం మన పని. అది ఇంకా ముష్కిల్" అని మీసం దువ్వుకున్నారు.

కథ మీకు తెలిసే ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో చదివొచ్చిన ఫైజీ షెఫ్ అవుతానంటాడు. తండ్రి రజాక్ భగ్గుమంటాడు. ఫైజీ కోళికోడ్ బీచ్ దగ్గర హోటల్ నడిపే తాత దగ్గరికి చేరతాడు. తండ్రి మీద నాకు గుస్సా వచ్చింది. అబ్బా ఆపమన్నారు. కాసేపు ఖామోష్‌గా ఉండి, "ఇస్‌కా బాప్ బురా నై బేటా. డర్ రా" అన్నారు. వాడి తండ్రి చెడ్డవాడు కాదు, భయపడుతున్నాడంతే అని. నా బడి ఫారం గుర్తొచ్చింది. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

తాతగా వేసిన తిలకన్ ఆ ఏడాదే సెప్టెంబర్ 24న ఇంతెఖాల్ అయ్యారు. నేషనల్ అవార్డుల్లో ఆయనకు ప్రత్యేక ప్రస్తావన, మాటలు రాసిన అంజలీ మేనన్‌కు అవార్డు దక్కాయి.

ఇప్పుడు మా చెల్లెలి కొడుకు ఇంటర్ అయ్యాక హోటల్ మేనేజ్‌మెంట్ అంటున్నాడు. ఖాందాన్‌లో ఒకటే గుసగుస. ఇంత చదివి బావర్చీ అవుతాడా, రిష్తా ఎవరిస్తారు అని. వలీమాలో మొదటి లుఖ్మాకే "వాహ్" అన్న నోళ్లే ఇవి. అబ్బాకు ఇప్పుడు దేగ్ దించే తాకత్ లేదు. మనవడి సంగతి విని ఒక్కటే అడిగారు: "వాఁ కచ్చీ బిర్యానీ సిఖాతే క్యా?"

వండి తెచ్చిన ఖాదిమ్‌ని పక్కన కూర్చోబెట్టుకోమనీ, కుదరకపోతే ఒకటి రెండు ముద్దలైనా ఇమ్మనీ, పొయ్యి వేడి భరించింది అతనే కదా అనీ హదీస్‌లో విన్నాం. ఈసారి దావత్‌కు వెళ్తే షామియానా వెనక్కి ఒకసారి వెళ్లండి. అక్కడున్న ఉస్తాద్ తిన్నాడో లేదో అడిగి రండి.