పాతరలో దీపం

చింతామణిలో మా ఇంటి స్థలం వాలుగా ఉంటుంది. వీధిలో నిలబడి చూస్తే ఒక అంతస్తు, వెనక నుంచి చూస్తే రెండు. కింది అంతస్తును మేము సెల్లారు అంటాము. మూడు పక్కలా మట్టికి ఆనుకున్న సైజు రాళ్ల గోడ. వెనక పక్క మాత్రం ఒక తలుపు, ఒక కిటికీ. బాగేపల్లి దగ్గరి మా ఊర్లో పాత ఇల్లు విప్పినప్పుడు తెచ్చిన సామాన్లన్నీ అందులోనే పెట్టినాము: విసుర్రాయి, రాగులు కొలిచే సేరు, తాత ట్రంకుపెట్టె.

2021 ఎండాకాలంలో ఆఫీసు పని ఇంటికే వచ్చింది. సెల్లారును రెండు గదులు చేద్దాం, ఒకటి పనికి, ఒకటి సామాన్లకు అనుకున్నాము. మిషిగన్‌లో ఉండే మా చిన్నాయన కొడుకు తన ఇంటి కింది గదిని తనే చేసుకున్నాడు. అక్కడ చలికాలంలో నేల గడ్డకట్టే లోతుకన్నా కిందికి పునాది దిగాలి. ఎట్లాగూ అంత లోతు తవ్వుతారు కాబట్టి కింద ఒక గది కట్టుకోవడం వాడుక. వాడు పదహారు అంగుళాలకు ఒకటి చొప్పున కొయ్య నిలువులు నిలబెట్టి, పైన పలకలు కొట్టినాడంట. ఇక్కడ చెదల భయం. అందుకని మేము కొయ్య వద్దని జీఐ చానళ్లు తెచ్చినాము.

పని చూడ్డానికి సులభమే. నేల మీద దారంతో సున్నం గీత కొట్టి, ఒక చానల్ నేలకు, దాని నేరుగా ఇంకొకటి పైకప్పుకు బిగించాలి. మధ్యలో రెండడుగులకు ఒక నిలువు. జిప్సం బోర్డు వెడల్పు నాలుగడుగులు కాబట్టి ప్రతి అతుకూ ఒక నిలువు మీదే పడుతుంది. మూల సరిగ్గా ఉందా అని చూడ్డానికి ఒక పక్క మూడడుగులు, ఇంకో పక్క నాలుగడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టాలి. ఐదడుగులు వస్తే మూలమట్టం సరి. అవన్నీ చూసుకున్నాము.

నడిమి గోడతో పాటు, అందం కోసం రాతిగోడల మీదికి కూడా బోర్డు వేయించినాము. "రాతిగోడకు, చట్రానికి నడుమ సందు వదులన్నా" అని తమ్ముడు ఫోన్లో రెండుసార్లు చెప్పినాడు. గదే చిన్నది, ఆ రెండంగుళాలు ఎందుకు పోగొట్టుకోవాలని వదల్లేదు. వెయ్యి అడుగులు దించినా బోరులో నీళ్లు పడని సీమ మాది, గోడలో నీళ్లు ఎక్కడివి అనుకున్నాము.

నవంబరులో వాన పట్టుకుంది. ఏళ్లుగా నిండని చెరువులు మరవ పారినాయి. ఊరంతా చెరువుకట్టల మీదికి పోయి చూసి వచ్చింది, మేము కూడా పోయినాము. పది దినాలకు సెల్లారులో వాసన మొదలైంది. బోర్డు అడుగున ఉబ్బింది. ఊడదీస్తే వెనకంతా నల్లటి బూజు, రాళ్ల సందుల్లో నుంచి ఊట. ఆ గోడకు ఆనించి పెట్టిన ట్రంకుపెట్టె అడుగు తుప్పు పట్టి, లోపల తాత లెక్కల పుస్తకం తడిసి ముద్దయింది.

అవ్వ మెట్లు దిగి వచ్చి గోడను అరచేత్తో తడిమింది.

"పాతరలో రాగులు పోసేముందు మీ తాత ఏం చేస్తాండె తెల్సునా? లోపల కసువు కాల్చి, రెండు దినాలు ఊరికే ఇడిసి, చెయ్యి పెట్టి చూస్తాండె. చల్లగా తగిల్తే పొయ్యనే పొయ్యడు. మళ్లా తీసేటప్పుడు, మూత తీస్తూనే దిగేది లేదు. తాడుకు దీపం కట్టి దింపల్ల. ఆరిపోతే ఆ పొద్దు ఎవురూ దిగరు."

మూసిన పాతరలో గింజలు ఉన్న మంచి గాలినంతా పీల్చేసుకుంటాయి. దీపం ఆరితే మనిషి కూడా ఆరిపోతాడు. కన్నడ బడిలో హగేవు అని మేము విన్నది, అవ్వ పాతర అన్నది, రెండూ ఒకటే అని ఆ పొద్దే మాకు తట్టింది.

మా ఉద్యోగమే టెస్టింగ్. వేరేవాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్ ఎక్కడ దెబ్బతింటుందో ముందే చూసి చెప్పాలి. సొంత గోడకు ఒక్క పరీక్ష పెట్టలేదు.

రెండోసారి ముందు గోడను చూసినాము. రెండడుగుల ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు పక్కలా టేపుతో గోడకు అంటించి రెండు దినాలు వదిలినాము. నీటి బొట్లు కాగితం వెనక పడితే గోడలో నుంచి వచ్చే చెమ్మ, ముందర పడితే గదిలోని గాలిది. మాకు వెనకే పడినాయి. అందుకని బయట గోడ పొడుగునా కాలవ తీసి, చిల్లుల పైపు వేసి, జల్లి నింపి, నీళ్లను వాలులోకి పంపినాము. ఒక వానాకాలం గడిచి గోడ ఆరిందని తేలినాకే చట్రం నిలబెట్టినాము, ఈసారి రెండంగుళాల సందుతో, బోర్డు నేలకు అర అంగుళం ఎత్తులో. ఒక మూలలో మాత్రం రాయిని మూయలేదు. అవ్వ అప్పుడప్పుడు వచ్చి అక్కడ చెయ్యి పెట్టి చూస్తుంది.

పుస్తకం నీడలో ఆరబెట్టినాము. సిరాతో రాసినవి కలిసిపోయినాయి, పెన్సిలుతో రాసినవి నిలిచినాయి. తాత వీధిబడిలో నేర్చిన గొలుసుకట్టు తెలుగు అది. కన్నడ అక్షరాలతో పోల్చుకుంటూ చదవొచ్చులే, తర్వాత చూద్దాంలే అని ఇన్నేళ్లు పెట్టె తెరవలేదు. ఇప్పుడు ఆదివారాలు కూర్చుంటాము. పేరు మేము కూడబలుక్కుంటాము, ఆ మనిషి ఎవరో అవ్వ చెప్తుంది: ఎవరింట్లో పెళ్లికి ఎన్ని సేర్లు ఇచ్చింది, కరువులో ఎవరు తిరిగి ఇయ్యలేకపోయింది, తాత ఆ లెక్కను ఎట్లా కొట్టేసింది.

సగం పుస్తకమే మిగిలింది. అవ్వకు ఎనభై ఆరు. మీ ఇండ్లలో కూడా ఇట్లాంటి పెట్టె ఏదైనా గోడకు ఆనించి ఉంటే, దాన్ని ఈ వారమే ఇంత ఇవతలికి జరపండి. మూత కూడా తెరవండి.