పుట్టి, కుక్క, పేరు లేని గుట్ట

ఎల్.బి. నగర్ అంటే లాల్ బహదూర్ నగర్ అన్న సంగతి మన మిత్రుల్లో చాలామందికి గుర్తుండదు. మా ఊరివాళ్ళకు మాత్రం ఆ పేరు మరో విధంగా పరిచయం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ పేరు కూడా లాల్ బహదూర్ కాలువే. ఆ కాలువ కింద పండిన వడ్లమ్మి నాన్న నన్ను దిల్‌సుఖ్‌నగర్ గదిలో ఉంచి బి.యస్సీ. చదివిస్తున్నాడు. అయినా ఆ నీళ్ళు నిలిచే చోటును మొన్నటి ఎండాకాలం సెలవుల దాకా నేను దగ్గరగా చూడనేలేదు.

సాగర్ హిల్ కాలనీలో స్నేహితుని ఇంట్లో నాలుగు రోజులున్నాను. అక్కడి ఒడ్డున చేపలు పట్టే తాత ఒకాయన, పొద్దు పొడవకముందే పుట్టి వేసుకొని ఒంటరిగా నీళ్ళ మీదికి పోతాడు. ఒంటరిగా అంటే, వెంట ఒక నల్లకుక్క ఉంటుంది లెండి! పుట్టి అంటే గుండ్రటి వెదురు బుట్ట. దానికి ముందూ లేదు, వెనకా లేదు. తెడ్డు వేయడం రానివాడు కూర్చుంటే ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. ఫిజిక్సు క్లాసులో టార్క్ అని మనం రాసుకున్నది ఇదే గదా! తాత ఏ క్లాసుకూ పోలేదు గాని, పుట్టిని గీత గీసినట్టు నడుపుతాడు.

మూడోనాడు బతిమాలగా నన్నూ ఎక్కించుకున్నాడు. వలలు తీసినాక, నీళ్ళలోంచి పైకి తేలిన ఒక చిన్న గుట్ట దగ్గర ఆపాడు. నేను కాలు పెట్టబోతే భుజం పట్టి ఆపాడు.

"ఆగు బిడ్డా, ముందుగాల నల్లోణ్ణి పోనీ. పాములుంటయ్."

కుక్క దూకి, రాయి రాయీ వాసన చూసుకుంటూ ఒక చుట్టు తిరిగి వచ్చింది. అప్పుడు దిగాము. తాత పుట్టిని ఒడ్డు మీదికి గుంజి బోర్లించాడు. తాడుతో కట్టి వదిలితే చాలదా అని అడిగాను.

"నీళ్ళు ఎక్కుతయ్, దిగుతయ్. మనకు చెప్పి చేస్తయా?" అన్నాడు.

నిజమే. నిండు జలాశయం మట్టం 590 అడుగులు. ఎండాకాలం వచ్చేసరికి పదుల అడుగులు పడిపోతుంది. మేము నిలబడ్డ ఒడ్డు దసరానాటికి నీళ్ళ అడుగున ఉండే చోటు.

కుక్క వెనకాలే నేనూ నడిచాను. అది ఒకచోట తిన్నగా ఒక వరస పట్టుకొని పోసాగింది. చూద్దును గదా, అది గెట్టు! వ్యవసాయం చేసేవాని కొడుకుకు గెట్టును ఎవరూ చూపించనక్కర లేదు. దాని చివర, సగం ఒండ్రులో కూరుకుపోయి ఒక రోలు. కుక్క దాన్ని వాసన చూసి, ముందుకు పోయింది. నేను పోలేకపోయాను.

"మాదీ గిట్లాంటి ఊరే. నీళ్ళల్ల పోయింది. అప్పుడు నేను శానా చిన్నోణ్ణి," అన్నాడు తాత బోర్లించిన పుట్టి నీడన కూర్చొని. అంతకన్నా ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు ఈ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఈలోగా ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగిపోతుందని, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖవారు లోయంతా తవ్వి, కట్టడాలను కొండ మీదికీ అనుపుకూ తరలించి తిరిగి నిలబెట్టారు. లాంచీలు పోయే నాగార్జునకొండ ద్వీపం ఆ కొండే. మ్యూజియం అక్కడే ఉంది. చాలా గొప్ప పని. కాని రోళ్ళకూ గెట్లకూ కొండెక్కే యోగం లేకపోయింది.

ఇంటికి పోయి నాన్నకు చెప్పాను. చాలాసేపు ఊరుకొని, "ఆ నీళ్ళే రాకుంటే మనం ఎటో బతకపోయేటోళ్ళం రా," అన్నాడు. అదీ అబద్ధం కాదు. తాత మాటా అబద్ధం కాదు. ఈ రెండింటినీ కలిపి సాధించే లెక్క నా సిలబస్‌లో లేదు.

పల్లెలకే కాదు, 2004 నుంచి ఆ కృష్ణ నీళ్ళు హైదరాబాదుకూ వస్తున్నాయి. మన వైపు కుళాయిలకు సాహెబ్‌నగర్ నుంచి అవే చేరుతున్నాయి.

విద్యార్థి సంఘం వారికి ఒక మనవి. సాగర్‌కు విహారయాత్ర ఎప్పుడూ గేట్లెత్తినప్పుడే వేస్తారు. ఒక్కసారి ఎండాకాలంలో వేయండి. కొండ మీద మ్యూజియం చూసినాక, నీళ్ళు దిగిపోయిన ఒడ్డు వెంట కూడా కాస్త నడుద్దాం.