కొండ బస్సుకు కిలోమీటరు కొలత

మైదానం నుంచి అరకు లోయకు బస్సు ఎక్కే దారి శృంగవరపుకోట దాటి కాశీపట్నం దగ్గర కొండను పట్టుకుని, దముకు, అనంతగిరి, సుంకరమెట్టల మీదుగా పైకి చేరుతుంది. పాడేరు దారి చోడవరం, మాడుగులల వైపు నుంచి వంట్లమామిడి మీదుగా ఎక్కుతుంది. నర్సీపట్నం నుంచి లంబసింగి, చింతపల్లికి పోయే మూడో దారి ఆపైన సీలేరు అడవుల్లోకి సాగుతుంది. పైకి ఎక్కాక డుంబ్రిగుడ, హుకుంపేటల మీదుగా పోయే రోడ్డు అరకును, పాడేరును కలుపుతుంది. మైదానంలో ఒక బస్సు రద్దయితే ప్రయాణికుడు పక్క ఊరి రోడ్డు మీదికి నడిచి మరో బస్సు అందుకోగలడు గాని, తూర్పు కనుమల్లో పక్క ఊరి రోడ్డు అంటే చాలాచోట్ల గెడ్డకు అవతల, మరో కొండకు వెనుక ఉండే రోడ్డు. అందువల్ల ఇక్కడ ఒక రూటును మార్చడం, ఒక బస్సును ఒక డిపో నుంచి మరొక డిపోకు పంపడం అనేవి కార్యాలయంలో చిన్న ఉత్తర్వులుగా కనిపించినా, కొండమీద అవి ఒక లోయలోని జనం ఏ బజారుకు, ఏ ఆసుపత్రికి, ఏ కళాశాలకు చేరగలరో తేల్చే నిర్ణయాలవుతాయి.

ఆ నిర్ణయాలు జరిగే తీరును అర్థం చేసుకోవడానికి రెండు మాటలు తెలియాలి. డిపో అంటే బస్సులు రాత్రి నిలిచి, మరమ్మతు పొంది, ఇంధనం పోసుకుని, సిబ్బందితో బయలుదేరే స్థావరం. షెడ్యూలు అంటే ఒక బస్సు ఒక రోజులో తిరగవలసిన ట్రిప్పుల వరుస. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ, అంటే ప్రజల నోట ఆర్టీసీ, మొదటి నుంచీ డిపో కేంద్రంగానే పనిచేసింది. 2020 జనవరి 1న దాని సిబ్బంది ప్రజారవాణా శాఖ ఉద్యోగులుగా ప్రభుత్వంలో విలీనమైన తరువాత కూడా ఆ అమరిక మారలేదు. మారింది జిల్లాల హద్దు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు అరకు నుంచి రంపచోడవరం, చింతూరు వరకు విస్తరించిన కొండసీమ ఒకే పాలన కిందికి వచ్చింది. కాని అరకుకు వచ్చే బస్సుల్లో కొన్ని విశాఖపట్నం డిపోలవి, కొన్ని విజయనగరం జిల్లాలోని శృంగవరపుకోటవి, మరికొన్ని పాడేరువి కాగా, చింతపల్లి వైపు బస్సు అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం నుంచి కూడా రావాలి. ఒక జిల్లా ప్రజల రాకపోకలు ఇన్ని జిల్లాల డిపోల మీద ఆధారపడినప్పుడు, ఒక ట్రిప్పు వేళను అరగంట ముందుకు జరపమని అడగాలన్నా గ్రామస్థులు ఏ కార్యాలయానికి వెళ్లాలో తేలదు. జిల్లా కలెక్టరు ముందు పెట్టిన అర్జీ ఆ కలెక్టరు పరిధిలో లేని డిపోకు చేరవలసి వస్తుంది.

ఏ రూటుకు ఎన్ని బస్సులు అనేది తేల్చేటప్పుడు సంస్థ ప్రధానంగా రెండు లెక్కలు చూస్తుంది. మొదటిది కిలోమీటరు తిరిగినందుకు వచ్చిన రాబడి; సిబ్బంది దీన్ని ఇంగ్లీషు పొడి అక్షరాలతో ఇపికె అంటారు. రెండోది ఓఆర్, అంటే ఉన్న సీట్లలో ఎన్ని నిండాయో చెప్పే శాతం. మైదానపు రోడ్డు మీద ఈ రెండూ న్యాయమైన కొలతలే. ఘాట్ మీద మాత్రం కిలోమీటరు అనే ప్రమాణమే వేరు: అక్కడ కిలోమీటరుకు పట్టే కాలం ఎక్కువ, కాలే డీజిలు ఎక్కువ, బ్రేకులకూ టైర్లకూ పడే అరుగుదల ఎక్కువ, ఎక్కేవారు మాత్రం తక్కువ, ఎందుకంటే మలుపుల మధ్య ఊర్లు ఉండవు. అటువంటి రూటును విశాఖ నగరపు రూటు పక్కన పెట్టి ఒకే పట్టికలో పోలిస్తే కొండ రూటు ప్రతిసారీ ఓడిపోతుంది. బస్సుల కొరత వచ్చినప్పుడు ముందుగా తగ్గేది అటువంటి రూటే కావడం ఆ పట్టిక నుంచి పుట్టే ఫలితం. దానికి ఏ ఒక్క అధికారి మనస్తత్వాన్నీ తప్పుపట్టనక్కరలేదు, పట్టికనే మార్చాలి.

సంత విషయంలో ఈ లోపం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అరకులో శుక్రవారం, హుకుంపేటలో శనివారం, చింతపల్లిలో బుధవారం జరిగే వారపు సంతలు బగతలు, కొండదొరలు, పోర్జాలు, గదబలు, ఖోందులు వంటి గిరిజన సమూహాలకు అమ్మకపు స్థలాలే గాక, బంధువులు కలుసుకునే చోట్లు, పెళ్లి మాటలు జరిగే చోట్లు, ప్రభుత్వ కబుర్లు చేరే చోట్లు కూడా. సంతనాటి ఉదయం బస్సు ఊళ్ల నుంచి కిక్కిరిసి వస్తుంది, మళ్లీ జనాన్ని తేవడానికి ఖాళీగా పోతుంది. సాయంత్రం ఇదే తలకిందులవుతుంది. మిగిలిన ఆరు రోజులు అదే బస్సు సగం సీట్లతో తిరుగుతుంది. వారం మొత్తానికి సరాసరి కడితే ఆ రూటు నష్టపు రూటుగా తేలుతుంది గాని, ఆ ఒక్కనాడు బస్సు చాలక జీపుల మీద కూర్చుని వెళ్లిన జనం ఆ సరాసరిలో ఎక్కడా కనిపించరు, ఎందుకంటే సంస్థ తన టిక్కెట్లను మాత్రమే లెక్కిస్తుంది. పసుపు, మిరియాలు, రాజ్‌మా, చింతపండు, అనాస మోసుకుని వచ్చే స్త్రీకి బస్సు వేళ అంటే బేరమాడే శక్తి కూడా: తిరుగు బస్సు నాలుగు గంటలకే ఉందని కొనేవారికి తెలిస్తే, మూడున్నరకు ఆమె చెప్పిన ధర పడిపోతుంది, సరుకును తిరిగి మోసుకుపోవడం కంటే నష్టానికి ఇచ్చుకోవడమే నయమనిపిస్తుంది. కనుక కొండ డిపోలకు రోజువారీ షెడ్యూలుకు బదులు వారపు షెడ్యూలు ఉండాలి. బుధవారం చింతపల్లి చుట్టూ తిరిగిన అదనపు బస్సు శుక్రవారానికి అరకు చుట్టూ, శనివారానికి హుకుంపేట చుట్టూ తిరిగితే, కొత్త బస్సు ఒక్కటీ కొనకుండానే సంతల అవసరం చాలావరకు తీరుతుంది.

దీనికి తోడుగా చెప్పవలసింది నైట్ హాల్ట్ బస్సు గురించి. సాయంత్రం చివరి ఊరికి చేరి, డ్రైవరు, కండక్టరు అక్కడే పడుకుని, తెల్లవారగానే మొదటి ట్రిప్పుగా కిందికి దిగే సర్వీసు ఇది. ఉదయం డిపో నుంచి బయలుదేరిన బస్సు కొండ చివరి ఊరికి చేరేసరికి పొద్దెక్కుతుంది గనుక, ఆసుపత్రికో కళాశాలకో వేళకు చేరవలసిన వారికి ఉపయోగపడేది రాత్రి ఊళ్లో నిలిచిన బస్సే. మావోయిస్టులు బంద్‌కు పిలుపునిచ్చినప్పుడు, జూలై చివరలో, డిసెంబరు మొదట్లో వారి వారోత్సవాలు జరిగినప్పుడు సీలేరు వంటి మారుమూల రూట్లలో రాత్రి సర్వీసులు ఆపడం ఏళ్ల తరబడి సాగింది. సిబ్బంది ప్రాణాలు, బస్సు భద్రత దృష్ట్యా అది తప్పనిసరి జాగ్రత్తే. అయితే ఆ భయం తగ్గుతున్నకొద్దీ రాత్రి సర్వీసులు ఊరూరా తిరిగి నిలబడుతున్నాయా అన్నది శాంతిభద్రతల నివేదికలతో సమానంగా పరిశీలించదగిన విషయం.

రెండు రాష్ట్రాల సంస్థల మధ్య పంపకం జరిగినప్పుడు కూడా ఇదే కిలోమీటరు కొలత ఏలింది. 2014లో రాష్ట్రం విడిపోయాక చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరగా, ఆ ప్రాంతానికి తరతరాల బజారూ ఆసుపత్రీ అయిన భద్రాచలం పట్టణం, అక్కడి డిపోతో సహా, తెలంగాణలో ఉండిపోయింది. ఒక రాష్ట్రపు బస్సు మరో రాష్ట్రంలో తిరగాలంటే రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కావాలి. కరోనా కారణంగా 2020 మార్చిలో నిలిచిపోయిన సర్వీసులు ఆ ఏడాది నవంబరు 2న కుదిరిన ఒప్పందంతోనే తిరిగి మొదలయ్యాయి: తెలంగాణ సంస్థ 826 బస్సులతో ఆంధ్రప్రదేశ్‌లో 1,61,258 కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్ సంస్థ 638 బస్సులతో తెలంగాణలో 1,60,999 కిలోమీటర్లు తిరగాలన్నది అందులోని పంపకం. బస్సుల సంఖ్యలో ఇంత తేడా ఉన్నా కిలోమీటర్లు దాదాపు సమానం కావడాన్ని గమనిస్తే, బేరం దేని మీద జరిగిందో తెలుస్తుంది. ఆ మొత్తంలో హైదరాబాదు, విజయవాడ రహదారి మీది కిలోమీటరూ, భద్రాచలం నుంచి చింతూరుకు పోయే కిలోమీటరూ ఒకే విలువతో కలిసిపోయాయి. మొదటి దారిలో ఒక ట్రిప్పు తగ్గితే ప్రయాణికుడు గంటసేపు ఆగుతాడు. రెండో దారిలో తగ్గితే కూనవరం మనిషి ఆ రోజు వైద్యుణ్ని చూడలేడు. రాష్ట్ర సరిహద్దు దాటే పొట్టి పల్లె రూట్లను ఇటువంటి సమానత్వపు లెక్క నుంచి విడిగా ఉంచడం న్యాయం. పాడువా మీదుగా కోరాపుట్ వైపు సాగే ఒడిశా రాకపోకలకూ ఈ మాట వర్తిస్తుంది.

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఐదు రకాల బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం కల్పించింది. కొండ సంతల్లో అమ్మేవారిలో స్త్రీలే ఎక్కువ గనుక ఈ మేలు ఇక్కడ నేరుగా వారి చేతికి అందుతుంది. అయితే బస్సే రాని ఊరికి ఉచిత టిక్కెట్టు చేరదు. ఈ పథకంలో డబ్బు లేకుండానే టిక్కెట్టు కొడతారు గనుక ఏ స్టేజీలో ఎందరు స్త్రీలు ఎక్కి ఎక్కడ దిగారో యంత్రంలో నమోదవుతుంది. ఆ నమోదును రోజువారీగా, సంతవారాలతో కలిపి చదివితే, ఏ లోయకు ఏనాడు బస్సు చాలడం లేదో తేల్చడానికి మంచి ఆధారం దొరుకుతుంది.

వాహనం సంగతి కూడా పంపకంలో భాగమే. పై తరగతి సర్వీసుల్లో కొన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిన బస్సును తరువాత పల్లెవెలుగుగా మార్చడం సంస్థలో ఉన్న పద్ధతి. చదునైన నేల మీద అందులో పొదుపు ఉంది గాని, ఇరుకు మలుపుల ఘాట్‌కు ఆ పద్ధతిని వర్తింపజేయకూడదు. 2023 ఆగస్టు 20న పాడేరు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి ప్రాణనష్టం జరిగింది. ఆ ఒక్క ప్రమాదానికి కారణమేదైనా, ఘాట్‌కు కేటాయించే బస్సు డిపోలో ఉన్నవాటిలో కొత్తదై ఉండాలన్న నియమానికి వేరే సమర్థన అక్కరలేదు.

రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం చేరే 516ఇ జాతీయ రహదారి విస్తరణతోను, 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో మొదలైన అడవితల్లి బాట కింద వేస్తున్న రోడ్లతోను, ఇంతవరకు డోలీ తప్ప మరో వాహనం ఎరుగని ఆవాసాల దాకా తారు చేరుతోంది. రోడ్డు మంజూరైన రోజునే దాని మీద తిరగవలసిన బస్సు ఏ డిపోదో, ఎక్కడ మలుపు తిరగాలో, సిబ్బంది రాత్రి ఎక్కడ పడుకోవాలో కూడా నిర్ణయించవచ్చు. బస్సు తిరిగేంత జాగా, రెండు మంచాలు పట్టే గది అంచనాలో చేర్చడానికి అయ్యే ఖర్చు రోడ్డు ఖర్చు ముందు ఎంతో స్వల్పం. అరకు షెడ్యూళ్లను పాడేరు డిపో కిందికి తేవడమా, అరకులోనే చిన్న డిపో పెట్టడమా అన్నది ఆ తరువాతి ప్రశ్న. రెండోది మేలుగా తోస్తుంది, ఎందుకంటే ఘాట్ మధ్యలో బస్సు చెడిపోయినప్పుడు మరమ్మతు బండి శృంగవరపుకోట నుంచి ఎక్కి రావలసిన అవసరం తప్పుతుంది, ఉదయపు మొదటి బస్సు కొండమీదే మొదలవుతుంది, అర్జీ పెట్టుకునేవారికి డిపో మేనేజరు సంతకు వచ్చినరోజే అందుబాటులో ఉంటారు.